ఇద్దరత్తలకూ సరే అన్న పిల్ల

మొన్న మా కాలేజీలో అధ్యాపకులందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి, బెంగళూరు నుంచి వచ్చిన ఒక పడుచుపిల్ల చేత మాకు ఊపిరి పీల్చుకోవడం నేర్పించారు. యాభై దాటినవాళ్ళం సగానికి పైగా ఉన్నాం, ఇన్నాళ్ళూ ఆ పని ఎవరి సాయమూ లేకుండానే చేసుకుంటూ వచ్చాం కదా అని నేను పక్కావిడ చెవిలో అన్న మాట ఆ పిల్లకూ వినిపించింది. పాపం, నొచ్చుకోకుండా నవ్వేసి, కళ్ళు మూసుకోమంది. లోపల కాదనుకుంటూనే పైకి సరేనన్న సందర్భం ఒకటి గుర్తు తెచ్చుకోండి, అప్పుడు మీ ఒంట్లో ఎక్కడ ఏమయిందో ఊరికే చూడండి, దాన్ని తరమొద్దు, తిట్టొద్దు అంది. అందరినీ మెప్పించాలనే జబ్బుకు అదే మందట. ఈ మందు మేడంగారికి అక్కర్లేదు, ఆవిడ నోట సరే అనిపించే మందేదైనా ఉంటే ఇప్పించండి అని మా ప్రిన్సిపాలు నన్ను చూపిస్తూ చలోక్తి విసిరాడు. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను గానీ, కళ్ళు మూసుకున్న మరుక్షణం నాకు బళ్ళారి బజారులోని మా పాత ఇంటి పడసాల కనిపించింది. అందులో నులకమంచం మీద పక్కపక్కనే పెట్టిన రెండు ఇత్తడి పళ్ళాలు, వాటికి అటొకరు ఇటొకరు కూర్చున్న నా ఇద్దరత్తలు.

ఇప్పటి నన్ను ఎరిగినవాళ్ళకు చెబితే నమ్మరు గానీ, నా ఈడు ఆడవాళ్ళు చాలామంది నమ్ముతారు, ఎందుకంటే వాళ్ళూ అదే మగ్గంలో నేసిన గుడ్డలే. పదహారేళ్ళు వచ్చేదాకా నేను ఎవరికీ కాదు అని చెప్పి ఎరగను. మాది ఆ ఊళ్ళో మూడు తరాలుగా పప్పుధాన్యాల వ్యాపారం. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, బస్తాలు మోసే సాయిబులతో వాళ్ళ మాట. మూడు భాషల్లోనూ మా నాయన నోట లేదు అన్న మాట మాత్రం వచ్చేది కాదు. అంగట్లో కూర్చుని లేదంటే లక్ష్మి లేచిపోతుందని ఆయన నమ్మకం. కందిపప్పు అయిపోతే నిండుకుంది అనాలి, గిరాకీని కూర్చోబెట్టి పక్క అంగడి నుంచైనా తెప్పించి ఇవ్వాలి. ఆ ఆచారం అంగడి గడప దాటి ఇంట్లోకీ వచ్చేసింది. బియ్యం డబ్బా ఖాళీ అయినా లేవనకూడదు, దీపం ఆరిపోయిందనకూడదు, పోతానని చెప్పకూడదు, పోయొస్తాననాలి. లేదు అన్న మాటే అశుభమైన ఇంట్లో పెరిగిన పిల్లకు కాదు అన్న మాట ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి?

జిల్లాను కోసి ఆదోనిని ఆంధ్రకూ బళ్ళారిని మైసూరుకూ పంచిన రోజుల్లో నేను బడిపిల్లను. పెద్దవాళ్ళు అరుగుల మీద గొంతులు చించుకుంటూ మధ్యలో మాబోటి పిల్లల్ని పిలిచి, మీరు ఏ పక్కమ్మా అని అడిగేవాళ్ళు. కన్నడం చెప్పే టీచరమ్మ అడిగితే మీ పక్కే అనేదాన్ని, తెలుగు అయ్యవారు అడిగితే మీ పక్కే అనేదాన్ని, ఇద్దరూ బుగ్గ గిల్లి మెచ్చుకునేవారు. ఒక ఉగాదినాడైతే వరసగా మూడిళ్ళలో బొరుగుల ఉగ్గాని పెడితే మూడిళ్ళలోనూ తిని, అమ్మ పెట్టిన నాలుగోది కూడా కాదనలేక తిని, మధ్యాహ్నమంతా పెరట్లో వాంతులు చేసుకుంటూ కూర్చున్నాను. మంచిపిల్ల అన్న పేరు ఊరికే రాలేదు నాకు.

అయితే ఉగ్గాని వాంతి చేసుకుంటే పోతుంది, ఇచ్చిన మాట పోదు. మా వైపు మేనరికాల సంగతి మీకు తెలిసిందే. నాయన చెల్లెలి కొడుకూ బావే, అమ్మ తమ్ముడి కొడుకూ బావే. నాయన చెల్లెల్ని కురుగోడులో ఇచ్చారు, అమ్మ తమ్ముడి కాపురం ఆదోనిలో. ఇద్దరికీ ఒక్కొక్క కొడుకు, ఇద్దరి కళ్ళూ నా మీదే. నేను పి.యు.సి.లో చేరబోయే ఏడు వేసవిలో కురుగోడు అత్త మా ఇంటికొచ్చి నాకు తలంటుతూ, మా ఇంటికొచ్చేస్తావా పాపా అని అడిగింది. ఏ రాకడ గురించి అడుగుతోందో నాకు తెలుసు. వెచ్చని నూనె మాడు మీద పడుతోంది, ఆమె వేళ్ళు ఎంతో ఆప్యాయంగా తిరుగుతున్నాయి, ఆ వేళ్ళు ఒక్క క్షణం ఆగిపోయాయి. అవి ఆగడం భరించలేక వస్తానత్తా అన్నాను. ఆ తరవాత నెలైనా తిరగకముందే ఒక పెళ్ళింట్లో ఆదోని అత్త తన జడలోని మల్లెల దండ తీసి నా జడలో పెట్టి అదే మాట అడిగింది. మీ ఇష్టం అత్తా అన్నాను. తాము నోరు విప్పేదాకా ఎవరికీ చెప్పొద్దని ఇద్దరూ అన్నారు, దానికీ సరేనన్నాను. ఇవి చాలవన్నట్టు, చరిత్ర చెప్పే కన్నడ మేడం బి.ఏ.లో చేరతావు కదా అని అడిగితే ఆమెకూ తలూపాను. మూడు దిక్కులకూ మాటిచ్చి, మూడూ ఎప్పటికీ ఎదురుపడవని ఏ ధైర్యంతో అనుకున్నానో గానీ, ఆ ఏడంతా అన్నం ముద్ద గొంతులోంచి దిగేది కాదు.

ఇక్కడ మా జేజి సంగతి చెప్పాలి. నాయన తల్లి, అంటే కురుగోడు అత్తకు కన్నతల్లి. మా బజారు మొత్తానికీ కాదు అనగలిగిన ఏకైక మనిషి ఆమె, అదీ ఆ మాట వాడకుండానే. పళ్ళు పోయాయి కాబట్టి ఆమెకు ఆకువక్క నేనే సిద్ధం చేయాలి. ఆకు తుడిచి, ఈనెలు తీసి, సున్నం రాసి, వక్కపొడితో కలిపి చిన్న ఇనుపరోట్లో నూరి ఇవ్వాలి. ఎవరైనా ఏదైనా అడగడానికొస్తే, ఉండప్పా, ఆకేసుకోనీ అనేది. నేను ఈనెలు తీస్తుంటే జేజి వచ్చినవాడి వైపు చూడను కూడా చూడకుండా నా వేళ్ళ వైపే చూస్తూ కూర్చునేది. ఒకాయన పెళ్ళి విడిదికి మా మేడ అడగడానికొచ్చి, ఆ మౌనంలో అటూ ఇటూ కదిలి, వేరేచోట చూసుకుంటాలే అవ్వా అని తనంతట తానే లేచిపోయాడు. ఇది నేను కళ్ళారా చూశాను. ఆయన వీధి మలుపు తిరగ్గానే జేజి బోసినోటితో కిలకిలా నవ్వి నాకు కిటుకు చెప్పింది.

“మొగం చూడొద్దు పాపా, ఆకు చూడు. అడిగేది వాని అక్కర, తొందర వానిది. మనకేంది?”

ఈ రోజుల్లో ఇలాంటి ముసలమ్మలను ఋషులను చేసి రాసేవాళ్ళున్నారు. నేను చేయను. జేజిది ధ్యానమూ కాదు, జ్ఞానమూ కాదు, నికార్సయిన బేరగాళ్ళ జిత్తు, ఎదుటివాడి ఓపిక హరించే ఉపాయం. కానీ ఆ ఉపాయాన్ని నేను వాడబోతే అది నా చేతిలో వేరే పని చేసింది.

మొదటిసారి మా పక్కింటి వదిన మీద వాడాను. ఆమె మ్యాట్నీకి పోయినప్పుడల్లా చంటిపిల్లవాణ్ణి నాకు అప్పజెప్పి పోయేది. వాడు ఏడ్చి ఏడ్చి నా ఓణీ తడిపేవాడు, నేను మర్నాటి పాఠం చదవలేకపోయేదాన్ని. ఆ రోజు ఆమె గుమ్మంలో నిలబడి అడుగుతుండగా నా చేతిలో తమలపాకు లేదు కాబట్టి ఓణీ అంచు పట్టుకుని, ఆ దారపు పోగుల వైపే చూస్తూ నిలబడ్డాను. ఆమె ఓపికకేమీ అయినట్టు లేదు, దర్జాగా నిలబడి ఉంది. అయింది నాకే. గొంతు కింద చింతగింజ ఒకటి అడ్డం పడ్డట్టయింది. ఊపిరి సగంలో నిలిచింది. సరే అన్న మాట నాలుక చివర వరకూ పరుగెత్తి వచ్చింది. అప్పుడు మొట్టమొదటిసారి నాకు తెలిసింది, నేను సరే అంటున్నది వదిన కోసం కాదు, పిల్లవాడి కోసమూ కాదు, ఆ చింతగింజ దిగడానికి. అనగానే దిగుతుంది, అందుకే అంటున్నాను. ఆ రోజు కూడా సరేనన్నాను లెండి. కానీ దొంగ ఏ గోడ దూకి వస్తున్నాడో చూసేశాను.

ఆ తరవాత అదే నాకు ఆటయిపోయింది. ఎవరేమడిగినా ముందు గొంతు దగ్గరికి పోయి చూసేదాన్ని. చింతగింజ ఉందా? ఉంది. ఊపిరి ఆగిందా? ఆగింది. ఉండనీ. ఊపిరి వదిలి, మళ్ళీ తీసుకుని, ఆ గింజను అలాగే చూస్తూ ఉంటే, సరే అనకపోయినా అది దానంతటదే కరిగి దిగిపోతుందని నాకు తెలిసిన రోజు, కొత్త నగ దొరికినంత సంబరపడ్డాను. అలా చూస్తూ చూస్తూ ఒక శనివారం వదినతో, ఈ రోజు కుదరదు వదినా, చదువుకోవాలి అన్నాను. ఆకాశం విరిగి మీద పడుతుందని భుజాలు ముడుచుకుని నిలబడ్డాను. ఆమె మాత్రం పోనీలేమ్మే అని పిల్లవాణ్ణి ఎత్తుకుని ఎదురింటికి నడిచింది. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నాననుకున్న లోకం అంత తేలిగ్గా ఎదురింటికి పోవడం చూసి, నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం అవమానంగానే ఉండింది.

చిన్న చిన్న కాదులు అలవడ్డాయి గానీ పెద్దది నెత్తి మీదే ఉంది. పి.యు.సి. పాసయ్యాను. ఆషాఢం వస్తోంది, అది వస్తే నెలంతా పెళ్ళిమాటలు ఎత్తకూడదు, ఆ లోపల కాలేజీ తెరిస్తే పిల్ల చేయి దాటిపోతుందని ఇద్దరత్తలకూ ఒకే భయం. అందుకని జ్యేష్ఠంలో మిగిలిన ఆఖరి మంచి శుక్రవారం చూసుకుని, కురుగోడు అత్త బస్సులోనూ ఆదోని అత్త రైల్లోనూ, పసుపు కుంకుమ, చీర, పూలు, తమలపాకులు పెట్టిన పళ్ళాలతో ఒకే పూట మా ఇంట్లో దిగారు. ఇద్దరికీ ముహూర్తం చెప్పింది మా పురోహితుడే. ఒకామెకు చెప్పిన సంగతి రెండో ఆమెకు చెప్పలేదట. ఆయనా కాదనలేని మనిషే, ఏం చేస్తాం.

మీరు ఇలాంటి మర్యాదలు చూసే ఉంటారు. వరసకు ఒకరికొకరు అక్కాచెల్లెళ్ళు కావడం చేత ఇద్దరూ అక్కా అక్కా అని తేనె పూసుకుంటూ మంచినీళ్ళు తాగారు, ఎండల గురించి మాట్లాడారు, ఒకరి పళ్ళెంలోని చీర అంచు ఒకరు కొలుచుకున్నారు. మా అమ్మ వంటింట్లోంచి బయటికి రావడం మానేసింది. నాయన తన చెల్లెలి వైపూ బావమరిది భార్య వైపూ మార్చి మార్చి చూస్తూ, గిరాకీలిద్దరూ ఒకే బస్తా మీద చెయ్యేసినప్పటి మొహం పెట్టుకుని కూర్చున్నాడు. చివరికి కురుగోడు అత్తే బయటపడింది.

“ఏమ్మే పాపా, తలంటుతా నేనడిగితే వస్తానత్తా అంటివా లేదా? అందరూ ఉండారు ఈడ, చెప్పు.”

“నాతో కూడా అనింది గదక్కా,” అంది ఆదోని అత్త, గొంతు పెంచకుండానే. “నా పూలు దాని జడలో పెట్టిన దినం.”

“ఓహో. మీ ఆంధ్రలో మూరెడు పూలకే పిల్లనిస్తారా అక్కా?”

“ఆంధ్ర మేమేమన్నా అడిగి తెచ్చుకున్నామా? నిన్నమొన్నటి దాకా మాదీ బళ్ళారి జిల్లానే గదా. ఎవురో గీత గీస్తే నేను పరాయిదాన్నైపోతినా ఈ ఇంటికి?”

అందరి కళ్ళూ నా మీద పడ్డాయి. అప్పుడు జేజి తన ఆకుల పెట్టె నా ముందుకు తోసి, ఆకు నూరివ్వు పాపా అంది. నాకు సమయం ఇస్తోందనే అనుకున్నాను. కానీ ఆ సమయం తన కూతురి పేరు నా నోట రావడానికేనని ఆమె చూపులోనే ఉంది.

ఆకు చేతిలోకి తీసుకున్నాను. చింతగింజ కాదు, ఈసారి గొంతులో కొబ్బరికాయే ఉంది. చూశాను. ఊపిరి ఎక్కడ ఆగిందో చూశాను, వదిలాను. ఈనె ఒకటి లాగాను. కురుగోడు అత్తే నాకిష్టం అని ఒక మాట లేచింది, అది జేజి మీది భయం. ఇంకో ఈనె లాగాను. ఆదోని అత్త అన్న మాటకు ఆమెకే సరేనందామని లేచింది, అది జాలి. కాలేజీకి పోతానని చెబుదామనిపించింది, దాన్నీ వదలకుండా చూశాను, అది మేడం మెచ్చుకోలు కోసమేనేమోనని. కాదు. క్లాసులో మేడం ఒక ప్రశ్న అడిగితే అందరికంటే ముందు నా లోపల జవాబు, ఆ జవాబు మీద వాదన, వాదన మీద ఎదురువాదన లేచేవి. అవన్నీ మింగుకుంటూ మంచిపిల్లలా కూర్చునేదాన్ని. ఆ మింగినవన్నీ బయటికి రావాలని ఉంది నాకు. భయమూ జాలీ దిగిపోయాక కూడా అది మాత్రం అక్కడే ఉంది. అప్పుడు తలెత్తి చూస్తే అత్తలిద్దరి మొహాలూ కనబడ్డాయి. వాళ్ళకు కోపం వచ్చిందా లేదా అని చూడటం తప్ప అంతకుముందు వాళ్ళ మొహాలు నేను చూసిందే లేదు. ఇద్దరూ ప్రయాణం చేసి అలిసిపోయి ఉన్నారు. ఒకరికి పుట్టింటి తాడు, ఇంకొకరికి అత్తింటి తాడు తెగిపోకుండా చూసుకోవాలన్న దిగులు. ఆ దిగులుకు ముడి వేయడానికి నేను దొరికాను.

“ఇద్దరికీ సరే అనింది నిజమే అత్తా. మీ మొగాలు చూసి అన్నా, నన్ను నేను అడిగిచూసుకోలేదు. ఇప్పుడు అడిగిచూసుకున్నా. నాకు ఇప్పుడు పెండ్లి వద్దు. కురుగోడుకూ వద్దు, ఆదోనికీ వద్దు. నేను బి.ఏ.లో చేరతా.”

మొట్టమొదట కోపం వచ్చింది జేజికే.

“నా ఆకు ఈనెలు తీస్తా, నా కూతురికే కాదంటావామే?”

ఆకు నూరి ఆమె ముందుకు చాపాను. ఆమె తీసుకోలేదు. అప్పుడు, ఎవరూ అనుకోని విధంగా, మూల నుంచి మా నాయన గొంతు సవరించుకుని లోకంలో అన్నిటికంటే మెత్తటి గొంతుతో ఇలా అన్నాడు.

“ఇద్దరికీ కాదంటే... ఎవురికీ తక్కువ చేసినట్టు కాదు గదమ్మా.”

ఎవరికీ లేదనలేని మా నాయనకు నా కాదు ఎంత పెద్ద వరమో అప్పుడర్థమైంది నాకు. ఒకరికి ఇస్తే ఒకరు పోతారు, ఇద్దరికీ ఇవ్వకపోతే ఇద్దరూ ఉంటారు. అంగట్లో ముప్పై ఏళ్ళు కూర్చున్నా ఆయనకు తట్టని లెక్క అది. చదువు మీద ప్రేమతో కాదు, చెల్లెల్నీ బావమరిదినీ పోగొట్టుకోలేక ఆయన నన్ను కాలేజీకి పంపాడు. పెళ్ళిమాటలకు పనికిరాని ఆ ఆషాఢంలోనే నేను బి.ఏ.లో చేరాను.

ఇక అత్తలిద్దరూ నన్ను తిట్టడంలో ఏకమయ్యారు. ఒకామె అందుకుంటే ఇంకొకామె పూర్తి చేసింది. పక్కపక్క విస్తళ్ళలో భోంచేశారు. సాయంత్రం ఒకే జట్కాలో బస్టాండుకూ స్టేషనుకూ బయల్దేరుతూ, “మన పిల్లోళ్ళు బతికిపోయిరి అక్కా, ఈ నోరు మన ఇంటికి రానుండె” అని ఒకరి చేయి ఒకరు పట్టుకుని మరీ నవ్వారు. ఆ ఇద్దరు బావలను ఎవరూ ఏమీ అడగలేదు, అడిగే ఆచారమూ లేదు. ఏళ్ళ తరవాత కురుగోడు బావ నాతో చెప్పాడు, వాళ్ళమ్మ చెబితే అతనూ భయపడే సరేనన్నాడట. జేజి మాత్రం కొన్నాళ్ళు తన ఆకు ఈనెలు తానే తీసుకుంది. చూపు ఆనక ఈనెతో పాటు ఆకూ చిరిగేది. ఒక మధ్యాహ్నం పెట్టె మళ్ళీ నా ముందుకు తోసింది, నేను అందుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టాను.

ఇంతటితో నేను బాగుపడ్డానని రాస్తే అబద్ధమవుతుంది. కాలేజీలో మింగడం మాని వాదించడం మొదలుపెట్టాక కాదు అన్న మాట రుచి తగిలింది. కొన్నేళ్ళు ప్రతిదానికీ అదే. చూడకుండా అన్న సరే ఎంత గుడ్డిదో, చూడకుండా అన్న కాదూ అంతే గుడ్డిదని తెలుసుకోవడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. ఇప్పటికీ ఎవరైనా ఏదైనా అడిగితే నా నోట కాదు ముందు పరుగెత్తుకొస్తుంది, దాన్ని గుమ్మంలోనే కూర్చోబెట్టి, ఊపిరి ఒకసారి చూసుకుని, ఎవరివమ్మా నువ్వు అని అడగాల్సి వస్తోంది. పెళ్ళి తరవాతెప్పుడో నా ఇష్టం మీదే చేసుకున్నాను. కురుగోడు అత్త తన ఆఖరి రోజుల్లో బళ్ళారి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, తోడుకు నన్నే రమ్మని కబురు పెట్టింది. ఇది సరే అంటే నిజంగా సరేనే, దీని దగ్గర నేను మొగమాటపడక్కర్లేదు అని నర్సుతో అందట. దానికన్నా పెద్ద బిరుదు నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు కాదు అనడం ఎంత తేలికైపోయింది. మొహం చూడనక్కర్లేదు, ఫోనులో రెండక్షరాలు కొడితే చాలు, అవతలివాళ్ళు ఫరవాలేదండీ అంటారు. నిజంగానే వాళ్ళకు ఫరవాలేదు. మా రోజుల్లో అడగడానికి మనిషి బస్సెక్కి వచ్చేది, మన కాదు విని మన ఎదురుగానే మొహం చిన్నబుచ్చుకునేది, ఆ మొహాన్ని మనం భరించాలి. భరించడం వచ్చాకే కాదుకు విలువ ఉండేది. నా మీద కోపం తెచ్చుకునేంత చనువున్నవాళ్ళు ఒక్కరొక్కరే వెళ్ళిపోయారు. ఇక మిగిలినవాళ్ళంతా మర్యాదస్తులే అనుకుంటూ ఉండగా, పోయిన నెల మా అన్న మనవరాలు నన్ను కాలేజీకి సెలవు పెట్టి వచ్చి తన ఇంట్లో నాలుగు రోజులు ఉండమని అడిగింది. నేను కాస్త ఆగి, చూసుకుని, రాలేనమ్మా అన్నాను. ఆ పిల్ల ఫరవాలేదు అనలేదు. మూతి ముడుచుకుని, తలుపు ధడాలున వేసి పోయి, వారం దాకా నాతో మాట్లాడలేదు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.